పిట్ట కాలికి కట్టిన చీటీ

నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేశానని చెబితే చాలు, ఎదుటివాళ్లు ముందుగా అడిగేది "చచ్చిన జంతువుల మధ్య కూర్చోవాలంటే భయం వేసేది కాదా?" అని. ఆ తర్వాత వాసన గురించి అడుగుతారు. భయం ఏమోగానీ వాసన మాత్రం నిజం. నాఫ్తలీన్, స్పిరిట్, పాత కాగితం, ఎండిన తోలు అన్నీ కలిసిన ఒక ఘాటు అది. సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేసినా వేళ్ల చివర మిగిలే ఉండేది. మొన్న పాత బట్టలు సర్దుతుంటే నాఫ్తలీన్ గోళీ ఒకటి దొర్లి బయటపడింది. ఇక ఆ రోజంతా వేరే పని చేయబుద్ధి కాలేదు.

జనం చూసే మ్యూజియం వేరు, నేను పనిచేసిన మ్యూజియం వేరు. ముందు హాల్లో ఏనుగు అస్థిపంజరం, గాజు కళ్ల పులి, పిల్లలు ముక్కులు ఆనించి మరకలు చేసే అద్దాలు. ఆ హాలు చివర "లోనికి అనుమతి లేదు" అని రాసిన తలుపు ఒకటి ఉండేది. అసలు మ్యూజియం దాని వెనకే. ఏ దేశంలో చూసినా ఇంతే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సుమారు 8 కోట్ల నమూనాలున్నాయి. సందర్శకుల కంటపడేవి వాటిలో పిసరంత. మిగతావన్నీ బీరువాల్లో, జాడీల్లో ఉంటాయి. మా మ్యూజియం దాని ముందు ఏ మూలకీ రాదు. అయినా మా వెనక గదుల్లో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి తిరిగి నిలబడాల్సిందే.

నేను చేరింది పక్షులు, చిన్న క్షీరదాల విభాగంలో అసిస్టెంటుగా. హోదా వినడానికి బాగానే ఉండేది. చేసే పని మాత్రం లేబుళ్లు రాయడం, రిజిస్టరు నింపడం, జాడీల్లో తగ్గిన స్పిరిట్ పోయడం, బీరువాల కింద పురుగు పట్టిందేమో టార్చిలైటుతో వెతకడం.

మొదటిసారి డ్రాయరు లాగినప్పుడు నిరాశపడ్డాను. హాల్లో పులి లాగా ఠీవిగా నిలబెట్టిన పక్షులుంటాయని ఊహించుకున్నాను. తీరా చూస్తే పిచ్చుకంత పిట్టలు, వరసగా వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నాయి. కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి దారంతో కట్టారు, ఆ దారానికే ఒక చీటీ. కళ్లున్న చోట గాజు గోళీలు లేవు, తెల్లటి దూది కనిపిస్తోంది. వీటిని స్టడీ స్కిన్స్ అంటారు. అందానికి చేసినవి కావు. కొలవడానికి, పక్కపక్కన పెట్టి పోల్చడానికి చేసినవి. చోటు తక్కువ పడుతుంది, రెక్క విరగదు, చేత్తో అటూ ఇటూ తిప్పి చూడొచ్చు.

"ఒకే రకం పిట్టలు ఇన్నెందుకు మేడం? ఒక జత చాలదా?" అనడిగాను. మా క్యూరేటర్ మేడం ఏమీ అనలేదు. డ్రాయరు ఈ చివర నుంచి ఒకటి, ఆ చివర నుంచి ఒకటి తీసి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టారు. ఒకటి ఎండు నేలల్లో దొరికింది, ఇసుక రంగులో ఉంది. రెండోది వానలెక్కువ పడే చోటిది, ముదురు గోధుమరంగు. చీటీల మీద శాస్త్రీయ నామం మాత్రం ఒకటే. తడి ఎక్కువున్న ప్రాంతాల్లో జంతువుల రంగు ముదురుతుందని, దాన్ని గ్లోగర్ నియమం అంటారని తర్వాత చదువుకున్నాను గానీ, అప్పటికే ఆ కాగితం మీద చూసేశాను. మేడం చాలా ప్రశ్నలకి ఇలా డ్రాయరు లాగే జవాబిచ్చేవారు.

స్కిన్ తయారుచేసే పని ఒక పెద్దాయనది. ఆయన చేతిలో పిట్ట పడితే నేను నా పని వదిలేసి వెళ్లి పక్కన నిలబడేవాడిని. రొమ్ము ఎముక కింది నుంచి ఒక చిన్న గాటు పెట్టేవారు. అక్కడి నుంచి బ్లేడు పక్కన పెట్టేసి, రంపపు పొట్టు చల్లుకుంటూ వేళ్లతోనే చర్మాన్ని మెల్లగా వెనక్కి నెట్టేవారు. పొట్టు తడినీ కొవ్వునీ పీల్చేస్తుంది, ఈకలు తడవవు. మోకాలి దగ్గర ఎముక కత్తిరించి, తోక మొదలు తెంపి, రెక్కల దాకా వచ్చాక చర్మం మొత్తం తిరగేసి తల మీదుగా లాగేవారు. పుర్రె వెనక నుంచి మెదడు తీసి, కళ్లు తీసి, ఆ గుంటల్లో దూది పెట్టి మళ్లీ అసలు వైపుకి తిప్పితే, ఒక్క క్షణంలో పిట్ట మళ్లీ పిట్ట అయ్యేది. ఎన్నిసార్లు చూసినా ఆ తిప్పడం నాకు గారడీలాగే అనిపించేది. పుల్లకి దూది చుట్టి లోపల పెట్టి, కుట్టి, ఈకలు సర్ది, పల్చటి దూదిపొరలో చుట్టి ఆరబెట్టేవారు.

"తొందరపడితే మెడ సాగుతుంది బాబూ. సాగిన మెడ మళ్లీ పొట్టిదవదు" అనేవారు. మెడ సాగితే పొడవు కొలత తప్పుతుంది, ఆ తప్పు ఎప్పటికీ ఉండిపోతుంది. ఒలిచేసిన కండని కూడా పారేసేవారు కాదు. ముందు పొట్ట తెరిచి ఆడదా మగదా అని లోపలి అవయవాలు చూసి నాకు చెప్పేవారు. జీర్ణాశయంలో ఏం గింజలున్నాయో, ఏ పురుగుల రెక్కలున్నాయో కూడా. నేను రాసుకునేవాడిని. కంటి రంగు, కాళ్ల రంగు మాత్రం పిట్ట రాగానే, ఇంకా ఏ పనీ మొదలుపెట్టకముందే రాయాలి. ఈకల రంగు ఏళ్లకేళ్లు నిలుస్తుంది గానీ, కాళ్ల రంగు, ముక్కు రంగు ఎండేకొద్దీ మారిపోతాయి. కళ్లయితే ఉండనే ఉండవు.

పాత స్కిన్లు ముట్టుకుంటే ఆయన గట్టిగా కేకేసేవారు. 18వ శతాబ్దంలో బెకూర్ అనే ఫ్రెంచాయన పురుగు పట్టకుండా ఆర్సెనిక్ సబ్బు కనిపెట్టాడు. అది ఎంత బాగా పనిచేసిందంటే, ప్రపంచంలోని మ్యూజియాలన్నీ చాలాకాలం దాన్నే వాడాయి. ఆ పిట్టలు ఇవాళ్టికీ విషమే. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

ఎముకల విభాగానికి మాకు వేరే పనివాళ్లు ఉండేవాళ్లు. డెర్మెస్టిడ్ పురుగులు. ఎండిన మాంసం తిని ఎముకని ముట్టుకోకుండా వదిలేస్తాయి. చిట్టెలుకని పెట్టెలో పెడితే కొద్ది రోజుల్లో అగ్గిపుల్ల కన్నా సన్నటి పక్కటెముకలు కూడా చెక్కుచెదరకుండా బయటకొచ్చేవి. మనిషి చేత్తో అంత శుభ్రం చేయడం కుదరదు. తమాషా ఏమిటంటే ఇవే పురుగులు స్కిన్ల బీరువాలోకి దూరితే డ్రాయరు మొత్తం పొడి చేసేస్తాయి. అందుకే వాటి గది ఆవరణలో దూరంగా, విడిగా ఉండేది. అక్కడి నుంచి వచ్చిన ఎముకలు డీప్ ఫ్రీజర్‌లో ఉండొస్తే తప్ప మా గడప తొక్కనిచ్చేవాళ్లం కాదు. ఆ గది వాసన గురించి రాయను. నాఫ్తలీన్ దాని ముందు అత్తరు.

ఇక లేబుల్ సంగతి. మేడంకి కోపం రావడం నేను చూసింది లేబుళ్ల విషయంలోనే. ఎవరో ఒకాయన వేట ట్రోఫీలు ఇస్తానని వచ్చాడు, బ్రహ్మాండమైన కొమ్ములు. ఎక్కడివో తెలీదు, ఎప్పటివో తెలీదు. మేడం మర్యాదగా టీ తాగించి పంపేశారు. అదే వారం రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన ముంగిసని ఒక స్కూలు పిల్లాడు తెచ్చాడు. ఏ రోడ్డు, ఏ తేదీ, ఎన్ని గంటలకి అన్నీ నోటుబుక్కు కాగితం మీద రాసుకొచ్చాడు. దాన్ని ఎంతో జాగ్రత్తగా రిజిస్టర్లోకి ఎక్కించారు. "ఎక్కడ, ఎప్పుడు, ఎవరు. ఈ మూడూ లేకపోతే అది షోకేసు బొమ్మ" అనేవారు.

డార్విన్ అంతటివాడికే దీని నొప్పి తెలిసొచ్చింది. 1835లో గాలపాగోస్ దీవుల్లో ఫించ్ పిట్టల్ని పట్టుకున్నప్పుడు ఏది ఏ దీవిలోదో ఆయన సరిగ్గా రాసుకోలేదు. లండన్ తిరిగొచ్చాక, 1837లో పక్షి శాస్త్రవేత్త జాన్ గూల్డ్ వాటిని చూసి ఇవన్నీ దగ్గరి చుట్టాలైన వేర్వేరు జాతులని చెప్పాడు. అప్పుడు దీవుల లెక్క అవసరమైంది. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, మరికొందరు తోటి ప్రయాణికులు తమకోసం పట్టుకున్న పిట్టలకి దీవి పేర్లు రాసుకున్నారు కాబట్టి సరిపోయింది, డార్విన్ వాటిని అడిగి తెప్పించుకున్నాడు. పరిణామ సిద్ధాంతం కథలో ఈ ముక్క ఎవరూ పెద్దగా చెప్పరు. మేడం మాత్రం కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ చెప్పేవారు.

చీటీ లేకపోవడం ఒక నష్టం. అబద్ధపు చీటీ అంతకన్నా ప్రమాదం. ఫారెస్ట్ ఔలెట్ అని మధ్య భారతంలో ఉండే ఒక చిన్న గుడ్లగూబ. 1872 నుంచి 1884 దాకా దొరికిన కొద్ది స్కిన్లు మాత్రమే మ్యూజియాల్లో ఉన్నాయి. వాటితో పాటు రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1914లో గుజరాత్‌లో పట్టానని చెప్పుకున్నది ఇంకొకటి. 1990లలో పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్‌ముసెన్ దాన్ని ఎక్స్‌రే తీసి, కుట్టు విప్పి, మిగతావాటితో పోల్చి చూశారు. ఆ పిట్ట 1884లో జేమ్స్ డేవిడ్‌సన్ పట్టినది. మైనర్ట్‌జాగెన్ దాన్ని మ్యూజియం నుంచి దొంగిలించి, లోపలి దూది మార్చి, కొత్త చీటీ కట్టేశాడు. స్కిన్ చేసే ప్రతి మనిషికీ ఒక చేతి తీరు ఉంటుంది, డేవిడ్‌సన్ చేతి తీరుని అతను దాచలేకపోయాడు. ఇది విన్నప్పుడు మా పెద్దాయన "మరి, నా పిట్టని నేను గుర్తుపట్టనా?" అన్నారు, అదేదో చాలా మామూలు విషయమైనట్టు. గుజరాత్ చీటీని పక్కన పడేసి, నిజమైన చీటీల్లోని చోట్ల చుట్టుపక్కల వెతికారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర చెట్టు మీద ఆ గుడ్లగూబ బతికే కనిపించింది, 113 ఏళ్ల తర్వాత.

2009లో లండన్ మ్యూజియం వాళ్ల ట్రింగ్ భవనంలో జరిగిన దొంగతనం ఇంకా బాధాకరం. ఒక కుర్రాడు రాత్రిపూట కిటికీ పగలగొట్టి 299 పక్షి స్కిన్లు సూట్‌కేసులో వేసుకుపోయాడు. చేపల గాలానికి కట్టే రంగురంగుల ఈకల ఎరల కోసం, వాటి పిచ్చి ఉన్నవాళ్లకి అమ్మడం కోసం. పట్టుబడ్డాక ఈకలు పీకకుండా దొరికినవి 174. వాటిలో కాలికి చీటీ ఇంకా ఉన్నవి 102 మాత్రమే. పేపర్లు 174 దొరికాయని సంతోషించాయి. మాలాంటి గదుల్లో పనిచేసినవాళ్లం రెండో అంకె దగ్గరే ఆగిపోయాం.

మా విభాగంలో నాకు నచ్చని బీరువా ఒకటుండేది, గుడ్ల బీరువా. ఒకప్పుడు పెద్దమనుషులు సరదాకి గూళ్ల మీద పడి గుడ్లు ఏరుకొచ్చి, సన్నటి బెజ్జం పెట్టి లోపలిది ఊదేసి దాచుకునేవాళ్లు. చాలా దేశాల్లో ఇప్పుడది నేరం. అలాంటివాళ్ల వారసులు ఇల్లు ఖాళీ చేస్తూ పెట్టెలకి పెట్టెలు మ్యూజియాలకి ఇచ్చేశారు. దూది పరచిన అరల్లో వరసలుగా ఆ గుడ్లు చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. దీని మీద దుమ్ము దులపడం కూడా దండగ అనుకునేవాడిని.

మేడం ఒకసారి ఆ బీరువా ముందే కుర్చీ వేసుకుని డెరెక్ రాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ పరిశోధకుడి సంగతి చెప్పారు. బ్రిటన్‌లో పెరెగ్రిన్ డేగలు తగ్గిపోతున్నాయి, గూళ్లలో గుడ్లు తల్లి కిందే చితికిపోతున్నాయి. పెంకు పల్చబడిందేమో అని అనుమానం. ఎప్పటి నుంచో తేల్చాలంటే పాత పెంకులు కావాలి. అవి ఉన్నది గుడ్లు ఏరుకున్నవాళ్ల దగ్గరా, మ్యూజియాల్లోనూ. గుడ్డు పగలగొట్టి మందం కొలవకూడదు కాబట్టి, ఖాళీ పెంకు బరువుని పొడవు, వెడల్పుల గుణకారంతో భాగించాడు. చాలా ఏళ్లపాటు నిలకడగా ఉన్న ఆ లెక్క 1947 నుంచి ఒక్కసారిగా పడిపోయింది. డీడీటీ అనే పురుగుమందు వాడకం పెరిగిన కాలం అదే. 1967లో ఆ పరిశోధన అచ్చయింది. అమెరికాలోనూ పాత గుడ్లు కొలిస్తే అదే కనబడింది. అక్కడ 1972లో డీడీటీని నిషేధించారు. గూడు దోచుకున్నవాడి చీటీ మీది తేదీ చివరికి ఆ డేగల్నే కాపాడింది. ఆ బీరువా అంటే నా ఇష్టం ఏమీ పెరగలేదు గానీ, దుమ్ము మాత్రం దులిపేవాడిని.

గుడ్ల మాట వచ్చింది కాబట్టి మన కలివి కోడి గుడ్డు గురించి చెప్పకుండా ఉండలేను. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందని చాలామందికి తెలుసు. దాని గుడ్డు ఎలా ఉంటుందో మాత్రం శాస్త్రవేత్తల్లో ఎవరికీ తెలీదు. తీరా అది స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో, మరచిపోయిన సేకరణలో దొరికింది. 1917లో కోలార్ ప్రాంతంలో ఏరిన గుడ్డు. పెంకు లోపలి పొరలోంచి డీఎన్ఏ తీసి, ట్రింగ్‌లోని పాత కలివి కోడి స్కిన్ల కాలివేళ్ల దగ్గర తీసిన తునకతో సరిపోల్చి 2013లో ఖాయం చేశారు. దాన్ని ఏరినవాడికి గానీ, ఆ స్కిన్లు కుట్టినవాళ్లకి గానీ డీఎన్ఏ అన్న మాటే తెలియదు.

ఈ పనిలో ఉన్న అసలు చిత్రం ఇదేనని నాకనిపిస్తుంది: ఏ ప్రశ్న కోసం దాస్తున్నామో దాచేవాళ్లకి తెలియదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీ మ్యూజియం డైరెక్టర్ జోసెఫ్ గ్రిన్నెల్ 1910లోనే ఈ మాట రాశాడు. మా సేకరణ అసలు విలువ ఎన్నో ఏళ్ల తర్వాత, బహుశా వందేళ్లకి గానీ తెలియదని. నిజంగానే 2003 నుంచి బర్క్‌లీ వాళ్లు ఆయన నోటుబుక్కులు పట్టుకుని అవే చోట్లకి మళ్లీ వెళ్లారు. అక్కడి యోసెమిటీ కొండల్లో 28 రకాల చిన్న క్షీరదాల్ని చూస్తే, వాటిలో సగం సగటున 500 మీటర్ల ఎత్తుకి జరిగిపోయాయి. చలి ప్రాంతం పైకి జరిగింది, అవీ వెంట వెళ్లాయి.

షికాగోలో డేవిడ్ విల్లర్డ్ ఇంకోలా చేశాడు. 1978 నుంచి అక్కడి అద్దాల భవనాలకి కొట్టుకుని చచ్చిన వలస పక్షుల్ని పొద్దున్నే ఏరుకొచ్చి ఫీల్డ్ మ్యూజియంలో కొలవడం మొదలుపెట్టాడు. 2016 నాటికి 70,000 దాటాయి. అన్నీ ఆయన చేత్తోనే కొలిచినవి. 2019లో లెక్కలు చూస్తే ఆ పక్షుల ఒళ్లు చిన్నదవుతోంది, రెక్కలు పొడవవుతున్నాయి. కాలి ఎముకలో తగ్గుదల 2.4 శాతం. ఎవరికీ కంటికి కనబడని తేడా. స్కేలు పట్టుకున్న మనిషి మారకపోవడం వల్ల దొరికింది.

మా ఉద్యోగంలో టెన్షన్ అంటే ఒకటే, నిప్పు. చుట్టూ జాడీల నిండా స్పిరిట్, 70 శాతం ఆల్కహాల్. స్విచ్ బోర్డు కాస్త చిటపటమన్నా గుండె ఆగేది. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కాలిపోయిందని వార్త వచ్చినప్పుడు, అప్పటికి నేను ఆ ఉద్యోగం వదిలేసినా, అన్నం సయించలేదు. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్‌లో రియో నేషనల్ మ్యూజియం కాలింది. సుమారు 2 కోట్ల వస్తువులున్న చోటు. ఉల్కలు తట్టుకున్నాయి, కీటకాల సేకరణ బూడిదైంది.

ఫొటోలు తీసుకుంటే సరిపోదా, చంపడమెందుకు అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. సబబైన ప్రశ్నే. మాకు వచ్చినవాటిలో ఎక్కువ రోడ్డు మీద చచ్చినవి, అద్దాలకి కొట్టుకున్నవి, జూల నుంచి వచ్చినవి. కావాలని పట్టుకోవడం నా కళ్ల ముందు జరిగింది తక్కువ, ప్రతిదానికీ అనుమతి కాగితం ఉండేది. కానీ ఫొటో పెంకు మందం చెప్పదు, పొట్టలో ఏముందో చెప్పదు. ఈ ఒక్క విషయంలో నేను పాతకాలం మనిషినే.

మేడం రిటైరయ్యారు. పెద్దాయన లేరు. ఆయన పోస్టు ఖాళీగానే ఉందని విన్నాను. నా తర్వాత చేరిన కుర్రాడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. ఈమధ్య చేసింది చేపల జాడీల గురించి. 2021లో షికాగో ప్రాంతం వాళ్లు ఫీల్డ్ మ్యూజియం పాత చేపల పొట్టలు తెరిచి, 1950ల తర్వాత వాటిలో సూక్ష్మ ప్లాస్టిక్ పెరుగుతూ వచ్చిందని చూపించారు. అలాంటి పనే చేస్తామని ఒక పరిశోధక విద్యార్థిని మా మ్యూజియానికి దరఖాస్తు పెట్టుకుందట. ఒకసారి కోస్తే మళ్లీ కలపలేం, కాబట్టి ఇవ్వొద్దని సగంమంది, కొయ్యడానికే కదా దాచింది అని సగంమంది. చివరికి ఒకే చోట, ఒకే రోజు పట్టినవి ఎక్కువ ఉన్న జాడీల్లోంచి మాత్రమే కొన్ని ఇవ్వాలని, పేగుల్ని పరీక్ష అయ్యాక చిన్న సీసాలో వేసి అదే జాడీలో పెట్టాలని తేల్చారట.

"సీసాల లోపల లేబుళ్లు వేస్తున్నారా?" అనడిగాను.

"వేస్తున్నాం సార్. పెన్సిల్‌తోనే. బాల్‌పెన్ స్పిరిట్‌లో కరిగిపోతుందని మీరే కదా చెప్పారు" అన్నాడు, కాస్త విసుగ్గానే.